ఉద్యోగం మానితే ఉపాధి కూడా మానాలా?

నియామక పత్రాల్లో ‘పోటీ నిషేధ’ షరతులు
చట్టం ఏం చెబుతోంది.. న్యాయస్థానాలు ఏం తేల్చాయి

అమలాపురం: ఉద్యోగం దొరికిన ఆనందంలో నియామక పత్రం అందుకున్న అభ్యర్థి మొదట చూసేది జీతం. తరువాత చూసేది చేరవలసిన తేదీ. చివరి పేజీలో చిన్న అక్షరాలతో అచ్చయి ఉండే ఒక షరతు చాలామంది కంట పడదు. ‘సంస్థను విడిచిన తరువాత రెండేళ్ల పాటు ఇదే తరహా వ్యాపారం చేసే మరే సంస్థలోనూ చేరను, స్వయంగా అటువంటి వ్యాపారం ప్రారంభించను’ అన్నది దాని సారాంశం. ఉద్యోగం మానిన తరువాత పాత యజమాని నుంచి నోటీసు అందిన రోజున గానీ ఆ వాక్యం గుర్తుకు రాదు.

దీనినే పోటీ నిషేధ షరతు అంటారు. సంస్థల పరిభాషలో ఇది ‘నాన్ కాంపీట్’. హైదరాబాదు, బెంగళూరు సాఫ్ట్‌వేర్ సంస్థల్లో చేరే కోనసీమ యువతకే ఇది పరిమితం కాదు. ప్రైవేటు కళాశాలల అధ్యాపకులు, మందుల కంపెనీల ప్రతినిధులు, రొయ్యల చెరువుల వెంట తిరిగే మేత కంపెనీల టెక్నీషియన్లు, ఫైనాన్స్ సంస్థల వసూలు సిబ్బంది, రాజోలు ప్రాంతం నుంచి గల్ఫ్ దేశాలకు వెళ్లే ఉద్యోగులు.. ఎవరికైనా ఎదురుకావచ్చు. ఈ షరతుకు భయపడి వచ్చిన మంచి అవకాశాన్ని వదులుకునేవారు కొందరు. అసలు లెక్కచేయక మరో రకమైన చిక్కులో పడేవారు ఇంకొందరు. ఈ రెండూ నష్టమే. ఏ షరతు చెల్లుతుందో, ఏది చెల్లదో తెలిస్తే ఆ నష్టం తప్పుతుంది.

ఒక ఉదాహరణ

విషయం సులభంగా బోధపడేందుకు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ముమ్మిడివరం ప్రాంతానికి చెందిన ఒక యువకుడు రొయ్యల మేత విక్రయించే సంస్థలో టెక్నీషియనుగా చేరి ఐదేళ్లు పనిచేశాడు. నీటి పరీక్షలు, మేత మోతాదు, వ్యాధుల గుర్తింపు.. అతడికి తెలిసిన విద్య అదొక్కటే. మరో సంస్థ ఎక్కువ జీతం ఇస్తానంటే రాజీనామా చేశాడు. ‘రెండేళ్ల పాటు గోదావరి జిల్లాల్లో మరే మేత కంపెనీలోనూ పనిచేయరాదు’ అనే షరతును చూపి పాత సంస్థ నోటీసు ఇచ్చింది. అందులో ఉన్నట్టే నడుచుకుంటే రెండేళ్లు అతడు తెలిసిన పని చేయకూడదు. ఇల్లు ఎలా గడవాలన్నది నోటీసులో ఉండదు.

ఆ షరతుపై అతడు ఇష్టపూర్వకంగానే సంతకం చేశాడు కదా, మాట తప్పడం న్యాయమా అన్న ప్రశ్న సహజంగా ఎదురవుతుంది. దీనికి సమాధానం దాదాపు నూట యాభై ఏళ్ల క్రితమే మన చట్టంలో చేరింది.

1872 నాటి రక్షణ

భారత కాంట్రాక్టు చట్టం 1872లో వచ్చింది. దానిలోని 27వ సెక్షను సారాంశం ఇది: చట్టసమ్మతమైన వృత్తిని గానీ, వర్తకాన్ని గానీ, వ్యాపారాన్ని గానీ చేసుకోకుండా ఎవరినైనా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఇందులో ‘ఆ మేరకు’ అన్న మాట కీలకం. ఒక షరతు చెల్లనంత మాత్రాన మొత్తం నియామక పత్రం రద్దయిపోదు. జీతం, నోటీసు గడువు, గోప్యత వంటి మిగిలిన షరతులు యథాతథంగా ఉంటాయి.

ఈ చట్టాన్ని తెచ్చింది బ్రిటిష్ పాలకులే అయినా ఇంగ్లండులో నిబంధన ఇంత కఠినంగా లేదు. నిషేధం ‘సహేతుకం’గా ఉంటే, అంటే కొంత కాలానికి, కొంత ప్రాంతానికి పరిమితమై ఉంటే అక్కడి న్యాయస్థానాలు దానిని అమలు చేస్తాయి. మన సెక్షనులో ఆ వెసులుబాటు లేదు. సహేతుకమైన నిషేధాలను అనుమతించేలా ఈ సెక్షనును సవరించాలని లా కమిషను 1958లో సిఫారసు చేసింది. ఆ సవరణ జరగలేదు. 1872 నాటి నిబంధనే నేటికీ అమలులో ఉంది.

ఈ సెక్షను వచ్చిన రెండేళ్లకే, 1874లో కలకత్తా హైకోర్టు ముందుకు ఒక వివాదం వచ్చింది. నగరంలో ఒకే ప్రాంతంలో ఇద్దరు కంచు, ఇత్తడి సామాన్ల వ్యాపారులు ఉండేవారు. అక్కడ దుకాణం మూసివేస్తే, పనివారికి ఇచ్చిన బయానా సొమ్ము 900 రూపాయలు తాను భరిస్తానని ఒకరు రెండో వారికి మాట ఇచ్చారు. ఆయన దుకాణం మూసివేశారు. మాట ఇచ్చినవారు సొమ్ము ఇవ్వలేదు. బాధితుడు కోర్టుకు వెళితే, వ్యాపారాన్ని అడ్డుకునే ఒప్పందం కనుక అది చెల్లదని, దాని ఆధారంగా సొమ్ము రాబట్టుకోలేరని తీర్పు వచ్చింది. నిషేధం ఒక్క ప్రాంతానికే పరిమితమైనా సెక్షను వర్తిస్తుందని న్యాయస్థానం తేల్చింది. దుకాణం మూసుకున్న వ్యక్తికి అది చేదు తీర్పే. కానీ ‘కొంతవరకే నిషేధించాం’ అన్న వాదనకు ఆనాడే తలుపు మూసుకుపోయింది.

ఉద్యోగంలో ఉండగా వేరు, మానిన తరువాత వేరు

ఇక్కడే చాలామంది పొరపడుతుంటారు. 27వ సెక్షను ఉంది కనుక ఏ షరతూ తమను కట్టివేయదనుకోవడం సరికాదు. ఉద్యోగ కాలానికీ, ఉద్యోగం ముగిసిన తరువాతి కాలానికీ మధ్య న్యాయస్థానాలు ఒక గీత గీశాయి.

సెంచురీ స్పిన్నింగ్ సంస్థ కేసులో సుప్రీంకోర్టు 1967లో ఇచ్చిన తీర్పు గీతకు ఒక వైపు ఉంది. టైరు నూలు తయారీకి ఆ సంస్థ విదేశీ సంస్థల నుంచి సాంకేతిక పరిజ్ఞానం తెచ్చుకుంది. దానిని గోప్యంగా ఉంచుతామని వాటికి హామీ ఇచ్చింది. ఐదేళ్లు పనిచేస్తానని, ఆ కాలంలో మరెక్కడా ఆ పని చేయనని ఒప్పుకున్న ఒక షిఫ్టు సూపర్‌వైజరు మధ్యలోనే మానివేసి రాజస్థాన్‌లోని పోటీ సంస్థలో చేరారు. ఒప్పుకున్న ఐదేళ్ల గడువు ముగిసేవరకు అక్కడ ఆ పని చేయరాదన్న నిషేధాన్ని సుప్రీంకోర్టు సమర్థించింది. ఒప్పంద కాలంలో ఒకే యజమానికి కట్టుబడి ఉండాలన్న షరతు సాధారణంగా వృత్తి నిరోధం కిందకు రాదని స్పష్టం చేసింది. ఒక సంస్థలో జీతం తీసుకుంటూ పోటీ సంస్థకు పనిచేయడాన్ని చట్టం సమర్థించదన్నమాట.

గీతకు రెండో వైపు 1980 నాటి సూపరింటెండెన్స్ కంపెనీ కేసు కనిపిస్తుంది. సంస్థను వదిలి వెళ్లిన తరువాత రెండేళ్ల పాటు, చివరిగా పనిచేసిన చోట అదే తరహా వ్యాపారం చేయరాదన్నది అక్కడి షరతు. దిల్లీలో పనిచేసిన మేనేజరును సంస్థే తొలగించింది. ఆయన సొంతంగా వ్యాపారం ప్రారంభించారు. ‘వదిలి వెళ్లడం’ అంటే స్వయంగా మానివేయడమే తప్ప తొలగింపునకు గురికావడం కాదని, కనుక షరతు ఆయనకు వర్తించదని ఇద్దరు న్యాయమూర్తులు తేల్చారు. మూడో న్యాయమూర్తి జస్టిస్ ఎ.పి.సేన్ మరో అడుగు ముందుకు వేశారు. ఉద్యోగం ముగిసిన తరువాతి కాలానికి విధించే నిషేధం 27వ సెక్షను కింద చెల్లదని విడిగా రాసిన తన తీర్పులో పేర్కొన్నారు. తదుపరి కాలంలో న్యాయస్థానాలు ఈ మాటనే విస్తృతంగా అనుసరించాయి.

క్రికెటర్ జహీర్‌ఖాన్ వ్యవహారంలోనూ ఇదే సూత్రం నిలబడింది. ఆయన ప్రచార ఒప్పందాలను చూసేందుకు ఒక ప్రచార సంస్థ 2000లో మూడేళ్లకు ఒప్పందం కుదుర్చుకుంది. గడువు ముగిసిన తరువాత కూడా మరో సంస్థ ఇచ్చే ప్రతిపాదనను ముందుగా తమకే చూపాలన్న షరతు అందులో ఉంది. ఒప్పంద కాలం దాటిన తరువాత అటువంటి షరతు చెల్లదని సుప్రీంకోర్టు 2006లో తీర్పు చెప్పింది.

దిల్లీ హైకోర్టు 2025 జూన్‌లో ఇచ్చిన తీర్పు సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు ప్రత్యేకంగా గమనించవలసినది. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థ తరఫున ప్రభుత్వ రంగ ఖాతాదారు ప్రాజెక్టులో పనిచేసిన ఇంజినీరు, రాజీనామా చేసిన తరువాత నేరుగా ఆ ఖాతాదారు వద్దే చేరారు. మూడేళ్ల వరకు అలా చేరరాదన్న షరతు ఆధారంగా కింది కోర్టు నిషేధ ఉత్తర్వు ఇచ్చింది. హైకోర్టు దానిని రద్దు చేసింది. ఉద్యోగం ముగిసిన తరువాత ఉపాధిని అడ్డుకునే షరతు చెల్లదని పునరుద్ఘాటించింది.

పై ఉదాహరణలోని టెక్నీషియనుకు ఈ గీత ప్రకారం జవాబు దొరుకుతుంది. రాజీనామా చేసి, నోటీసు గడువు పూర్తిచేసి వెళ్లిన అతడిని ‘రెండేళ్లు ఇంట్లో కూర్చో’ అనే అధికారం పాత సంస్థకు లేదు.

బాండు సంగతి వేరు

పోటీ నిషేధ షరతును, బాండును ఒకటే అనుకోవడం మరో పొరపాటు. మానిన తరువాత మరెక్కడా చేరవద్దనేది మొదటిది. ఇంతకాలం మానవద్దు, మానితే ఇంత సొమ్ము చెల్లించాలనేది రెండోది. మొదటిది చెల్లకపోయినా రెండోది చెల్లే అవకాశం ఉంది.

విజయా బ్యాంకు కేసులో సుప్రీంకోర్టు 2025 మే 14న ఇచ్చిన తీర్పు ఈ తేడాను స్పష్టం చేసింది. మూడేళ్లు పనిచేయాలి, ముందే మానితే 2 లక్షల రూపాయలు చెల్లించాలి అనే షరతుతో ఒక అధికారి 2007లో ఆ బ్యాంకులో చేరారు. మూడేళ్లు నిండకుండానే 2009లో రాజీనామా చేసి మరో బ్యాంకుకు వెళ్లారు. అభ్యంతరం తెలుపుతూనే సొమ్ము చెల్లించి కోర్టుకెక్కారు. కర్ణాటక హైకోర్టు ఆయనకు అనుకూలంగా తీర్పు ఇచ్చినా సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. అది ఆయనను ఉద్యోగ కాలంలో కట్టుబడి ఉండమన్న షరతే గానీ, భవిష్యత్ ఉపాధిని నిషేధించినది కాదని పేర్కొంది. బహిరంగ ప్రకటనలు, పరీక్షలతో సుదీర్ఘంగా నియామకాలు జరిపే ప్రభుత్వ రంగ బ్యాంకుకు మధ్యలో వెళ్లిపోయేవారి వల్ల ఖర్చు పడుతుందన్న వాదనను అంగీకరించింది. ఆ అధికారి హోదా, జీతం దృష్ట్యా 2 లక్షలు భరించలేని మొత్తం కాదని కూడా అభిప్రాయపడింది.

అయితే ప్రతి బాండులో రాసిన అంకె మొత్తం కట్టితీరాలని దీని అర్థం కాదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షను ప్రకారం ఒప్పందంలో రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే. దానికి లోబడి సహేతుకమైన పరిహారం ఎంతో కోర్టు నిర్ణయిస్తుంది. నిజంగా శిక్షణ ఇచ్చారా, దానికి ఎంత ఖర్చయింది, ఉద్యోగి ఎంతకాలం పనిచేశాడు అన్నవి అప్పుడు ప్రశ్నలవుతాయి. రెండు రోజుల పరిచయ తరగతులకు 3 లక్షల బాండు రాయించుకున్న సంస్థకూ, లక్షలు వెచ్చించి నెలల తరబడి శిక్షణ ఇచ్చిన సంస్థకూ ఒకే ఫలితం రాదు.

యజమానికీ హక్కులున్నాయి

చట్టం ఉద్యోగి పక్షమే వహిస్తుందని భావించనక్కరలేదు. కష్టపడి సంపాదించుకున్న వ్యాపార రహస్యాలు కాపాడుకునే హక్కు యజమానికి ఉంది. ఉద్యోగి తన నైపుణ్యాన్ని, అనుభవాన్ని వెంట తీసుకువెళ్లవచ్చు. సంస్థ ఫైళ్లను, ధరల పట్టికలను, ఖాతాదారుల జాబితాను తీసుకువెళ్లరాదు. ఉదాహరణలోని టెక్నీషియనుకు ఏ నీటిలో రొయ్య ఎలా పెరుగుతుందో తెలియడం అతడి విద్య. ఏ రైతుకు ఎంత అప్పు, ఎంత తగ్గింపు ఇస్తున్నారో నమోదు చేసిన సంస్థ పుస్తకాన్ని ఫోనులో ఫొటోలు తీసుకుని కొత్త సంస్థకు అప్పగించడం గోప్యతా ఉల్లంఘన. పోటీ నిషేధం కింద గెలవలేని యజమాని గోప్యత కింద గెలిచే వీలుంది.

వ్యాపారం అమ్మేవారి విషయంలో చట్టమే మినహాయింపు ఇచ్చింది. ఆత్రేయపురంలో పేరున్న పూతరేకుల దుకాణాన్ని ఒకరు మంచి పేరుతో సహా అమ్మారనుకుందాం. సొమ్ము పుచ్చుకున్న మరుసటి నెలలోనే ఎదురుగా మరో దుకాణం తెరిస్తే కొన్నవారి గతేమిటి? అందుకే గుడ్‌విల్‌తో వ్యాపారం అమ్మినవారు నిర్ణీత ప్రాంతంలో అదే వ్యాపారం చేయబోమని ఒప్పుకుంటే, ఆ పరిమితులు సహేతుకమైతే చెల్లుతాయని 27వ సెక్షనే చెబుతోంది. భాగస్వామ్య వ్యాపారాల్లోనూ అంతే. అంబాజీపేటలో కొబ్బరి వ్యాపారం కలిసి చేస్తున్నవారిలో ఒకరు విడిపోతే, కొంతకాలం లేదా కొంత ప్రాంతంలో పోటీ పెట్టకూడదని రాసుకునేందుకు 1932 నాటి భాగస్వామ్య చట్టం 36వ సెక్షను వీలు కల్పిస్తోంది. వ్యాపారం అమ్మినవారు ప్రతిఫలం తీసుకున్నారు. ఉద్యోగం మానినవారికి చేతిలో మిగిలేది తమ పనితనమే. చట్టం ఈ రెండింటినీ వేరుగా చూడటానికి కారణం అదే.

ఖాళీ కాగితాలే అసలు ముప్పు

చెల్లని షరతు కంటే దానితో పాటు తీసుకునే కాగితాలే ఉద్యోగిని ఎక్కువగా కట్టివేస్తాయి. కొందరు యజమానులు సంతకం చేసిన ఖాళీ ప్రోనోటు, ఖాళీ చెక్కు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ‘హామీ’గా ఉంచుకుంటారు. పల్లెల్లో ప్రోనోటు కొత్త కాదు కనుక చాలామంది ఆలోచించకుండానే సంతకం చేస్తారు. ప్రమాదం అక్కడే ఉంది.

నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం 20వ సెక్షను ప్రకారం సంతకం చేసిన ఖాళీ స్టాంపు కాగితం ఇచ్చినవారు, దానిని నింపుకునే అధికారాన్ని ప్రాథమికంగా ఇచ్చినట్లే. 118వ సెక్షను ప్రకారం ఆ నోటు సొమ్ము తీసుకునే రాసి ఇచ్చారని కోర్టు తొలుత భావిస్తుంది. కాదని రుజువు చేసుకునే భారం సంతకం చేసినవారిపై పడుతుంది. చెక్కు చెల్లకపోతే 138వ సెక్షను కింద క్రిమినల్ కేసుకూ అవకాశం ఉంది. పోటీ నిషేధం చెల్లదని తీర్పులు ఎన్ని ఉన్నా, ‘ఇది అప్పు నోటు’ అంటూ దావా వేస్తే ఉద్యోగి మరో పోరాటం చేయవలసి వస్తుంది.

విద్యార్హతల సర్టిఫికెట్లు తాకట్టు వస్తువులు కావు. ఉద్యోగంలో చేరేటప్పుడు పరిశీలనకు చూపి వెనక్కు తీసుకోవాలి. తప్పనిసరై అప్పగిస్తే ఏయే పత్రాలు ఇచ్చారో రాయించి, తేదీతో రసీదు తీసుకోవాలి. రావలసిన జీతం విషయంలోనూ హక్కు స్పష్టంగా ఉంది. 2025 నవంబరు 21 నుంచి అమలులోకి వచ్చిన వేతనాల కోడ్ ప్రకారం రాజీనామా చేసిన ఉద్యోగి వేతనాన్ని రెండు పనిదినాల్లో చెల్లించాలి.

గల్ఫ్‌లో ఒక తీరు, అమెరికాలో మరో తీరు

ఇక్కడి 27వ సెక్షను విదేశాల్లో చేసే ఉద్యోగానికి రక్షణ ఇవ్వదు. పనిచేసే దేశపు చట్టమే అక్కడ వర్తిస్తుంది. రాజోలు, మలికిపురం, సఖినేటిపల్లి ప్రాంతాల నుంచి గల్ఫ్ వెళ్లేవారు ఈ తేడా గుర్తించాలి. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో 2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న కార్మిక చట్టం పదో అధికరణం పోటీ నిషేధ షరతును అనుమతిస్తోంది. అయితే ఖాతాదారులు, వ్యాపార రహస్యాలు తెలిసే ఉద్యోగాలకే అది వర్తించాలి. కాలం, ప్రాంతం, పని స్వభావం స్పష్టంగా రాయాలి. రెండేళ్లకు మించరాదు. యజమానే చట్టవిరుద్ధంగా ఉద్యోగం తొలగిస్తే షరతు చెల్లదు. సౌదీ అరేబియా కార్మిక చట్టం 83వ అధికరణంలోనూ రెండేళ్ల పరిమితితో ఇటువంటి నిబంధనే ఉంది. ఇళ్లలో పనిచేసేవారికి ఎమిరేట్స్‌లో ప్రత్యేక చట్టం ఉంది. అక్కడ ఒప్పందం రెండు భాషల్లో ఉండి అర్థంలో తేడా వస్తే అరబిక్ ప్రతికే ప్రాధాన్యం కనుక, దాని అర్థం తెలుసుకున్న తరువాతే సంతకం చేయాలి.

అమెరికాలో రాష్ట్రానికో తీరు. కాలిఫోర్నియాలో ఈ నిషేధ షరతులు చెల్లవన్న చట్టం కూడా 1872లోనే రావడం విశేషం. టెక్సాస్‌లో సహేతుకమైన షరతులు చెల్లుతాయి. దేశమంతటా వీటిని నిషేధిస్తూ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2024 ఏప్రిల్‌లో తెచ్చిన నిబంధనను అదే ఏడాది ఆగస్టులో టెక్సాస్‌లోని ఫెడరల్ కోర్టు కొట్టివేసింది. 2025 సెప్టెంబరులో కమిషన్ అప్పీలును విరమించుకుంది. హెచ్‌-1బి వీసాపై ఉన్నవారు ముందుగా మానివేసినందుకు జరిమానా వసూలు చేయడాన్ని అక్కడి నిబంధనలు అంగీకరించవు. వాస్తవ నష్టానికి ముందే అంచనా కట్టిన పరిహారాన్ని మాత్రం అనుమతిస్తాయి. ఏది జరిమానా, ఏది పరిహారం అన్నది రాష్ట్ర చట్టాన్ని బట్టి తేలుతుంది.

నోటీసు వస్తే ఏం చేయాలి

న్యాయవాది పంపిన నోటీసు కోర్టు ఉత్తర్వు కాదు. దానిని చూసి కొత్త ఉద్యోగం వదులుకోనక్కరలేదు. అలాగని చించి పారవేయడమూ తగదు. గడువులోగా న్యాయవాది ద్వారా జవాబు పంపాలి. యజమాని తాత్కాలిక నిషేధ ఉత్తర్వు కోరవచ్చన్న అనుమానం ఉంటే సివిల్ ప్రొసీజర్ కోడ్ 148-ఎ సెక్షను కింద కేవియట్ దాఖలు చేసుకోవచ్చు. 90 రోజుల పాటు అమలులో ఉండే ఈ దరఖాస్తు వల్ల, తమ వాదన వినకుండా ఉత్తర్వులు ఇవ్వకుండా చూసుకునే వీలు కలుగుతుంది. కోర్టు నుంచి సమన్లు అందితే వాయిదాకు తప్పక హాజరుకావాలి. చెల్లని షరతు మీద వేసిన దావాలో కూడా ప్రతివాది హాజరుకాకపోతే ఏకపక్షంగా ఉత్తర్వులు వెలువడవచ్చు.

వివాదం ఏ ఊరి కోర్టులో తేలాలన్నది కూడా నియామక పత్రంలోనే ఉంటుంది. ‘వివాదాలు ముంబయి కోర్టుల పరిధికి లోబడి ఉంటాయి’ అన్న వాక్యాన్ని చాలామంది పట్టించుకోరు. ఒక ప్రైవేటు బ్యాంకు ఉద్యోగుల కేసులో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్‌లో అటువంటి షరతు చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. అంటే అమలాపురంలో ఉన్న ఉద్యోగి తన హక్కు కోసం ముంబయి వరకు వెళ్లవలసి రావచ్చు. న్యాయం తన వైపే ఉన్నా, రాకపోకల ఖర్చు అతడిని రాజీకి నెట్టవచ్చు.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం మహిళలు, ఎస్సీ, ఎస్టీ వర్గాలవారు, దివ్యాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా దీనికి అర్హులు. స్థానిక న్యాయస్థానాల వద్ద పనిచేసే మండల న్యాయసేవా కమిటీలను గానీ, 15100 నంబరును గానీ సంప్రదించవచ్చు.

సంతకానికి ముందు..

* నియామక పత్రాన్ని ఇంటికి తీసుకువెళ్లి పూర్తిగా చదవాలి. ప్రతి పేజీ నకలు దగ్గర ఉంచుకోవాలి.

* ‘ఉద్యోగంలో ఉండగా’, ‘ఉద్యోగం ముగిసిన తరువాత’ అన్న మాటలు ఏ షరతుకు ముందున్నాయో గుర్తించాలి. మొదటిది సాధారణంగా చెల్లుతుంది. రెండోది ఉపాధిని అడ్డుకుంటే చెల్లదు.

* బాండు ఉంటే ఎంతకాలం, ఎంత సొమ్ము, దేనికి అన్నది స్పష్టంగా రాయించుకోవాలి. పనిచేసిన కాలాన్ని బట్టి మొత్తం తగ్గుతుందా అని అడగాలి.

* ఖాళీ ప్రోనోటుపై, ఖాళీ చెక్కుపై సంతకం చేయరాదు. ఇచ్చి ఉంటే మానేటప్పుడు వెనక్కు కోరుతూ స్పీడ్ పోస్టులో లేఖ పంపాలి.

* రాజీనామాను రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకోవాలి. నోటీసు గడువు పూర్తిచేయాలి లేదా నిబంధన ప్రకారం సొమ్ము చెల్లించాలి.

* సంస్థకు చెందిన ల్యాప్‌టాప్, ఫైళ్లు, ఖాతాదారుల వివరాలు అప్పగించి రసీదు తీసుకోవాలి. అదే రేపు గోప్యత ఆరోపణకు జవాబు.

ఉదాహరణలోని టెక్నీషియను కథ ఈ జాబితాతోనే ముగుస్తుంది. అతడు రాజీనామాకు రసీదు తీసుకుని, రైతుల ఖాతా పుస్తకం అప్పగించి, ఖాళీ నోటు ఏదీ ఇవ్వకుండా వచ్చి ఉంటే నోటీసుకు ఒక్క పేజీ జవాబు చాలు. మర్నాడు ఉదయం కొత్త సంస్థ తరఫున చెరువు గట్టుకు వెళ్లవచ్చు. ఖాళీ ప్రోనోటు ఒకటి పాత యజమాని బీరువాలో ఉండిపోతే మాత్రం, చట్టం ఇచ్చిన రక్షణ చేతిలో ఉన్నా అతడు కోర్టు మెట్లు ఎక్కక తప్పదు.